తుప్పు పట్టి బిగుసుకుపోయిన నల్లా: విప్పడం ఎట్లా, కొత్తది ఏది కొనాలి
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రూపు లీడర్ చేసిన ప్రసంగం)



నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. పొదుపు లెక్కలు ఈ పుస్తకంలో ముందు పేజీల్లో ఉన్నాయి, కోశాధికారి అక్క చదివి వినిపించింది కూడా. నేను నల్లా గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఈ ఏడు మా గ్రూపు మినిట్స్ పుస్తకంలో అంతర్గత అప్పులు ఎందుకు తీసుకున్నారో వరుసగా చూస్తే ఫీజులు, ఆసుపత్రి, పెళ్ళి, వ్యాపారం ఇవన్నీ ఉన్నాయి. మధ్యలో ఒకచోట "నల్లా పని, గోడ పని, 3,000" అని ఉంది. నల్లాకు మూడు వేలు ఏంటని నేనే అడిగాను. నల్లా పట్టేసిందట. నీళ్ళు వచ్చే టైము దగ్గర పడిందని వాళ్ళ పెద్దబ్బాయి పైపు పానా పెట్టి బలంగా తిప్పాడు. నల్లా రాలేదు, గోడలో ఉన్న ఎల్బో విరిగింది. అంతలో నీళ్ళు రానే వచ్చినయి. ఆ రోజు మంచినీళ్ళు గోడలోకి, పక్కింటి వంటగదిలోకి పోయినయి. గోడ పగలగొట్టి, పైపు మార్చి, మళ్ళీ సిమెంటు పూసే వరకు అంత ఖర్చయింది. ఆ పాత నల్లాలో పాడైంది పది రూపాయల వాషర్, కొంచెం తుప్పు. అంతే.

మన ఇండ్లకు కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి వస్తయి. ఒక్కొక్కటి వంద కిలోమీటర్లు దాటి పైపుల్లో వస్తయి. అంత దూరం వచ్చి మన గడప ముందు తిరగని నల్లా దగ్గర ఆగిపోతే ఎట్లా ఉంటది? పైగా చాలా బస్తీల్లో రోజు విడిచి రోజు నీళ్ళు. ఆ గంట పోతే మళ్ళీ రెండు రోజులకే. అందుకే నల్లా పట్టేస్తే మనకు కంగారు పుడుతుంది. ఆ కంగారులోనే పైపు విరుగుతుంది.

ముందుగా ఇది బలానికి సంబంధించిన పని కాదు. "మగవాళ్ళు ఇంట్లో లేరు, ఎవరు తిప్పుతారు" అనుకుంటాం గదా, బలం ఉన్నవాళ్ళే ఎక్కువ విరగ్గొడుతున్నారు. దీనికి కావలసినవి రెండు పానాలు, ఒక రాత్రి ఓపిక.

తుప్పు ఎందుకు పడుతుందో రెండు మాటల్లో చెప్తా. పాత ఇండ్లలో ఉన్నది జీఐ పైపు, అంటే ఇనుము మీద జింకు పూత. పూత ఉన్నంత సేపు తుప్పు రాదు. కానీ పైపు చివర మర కోసినప్పుడు ఆ పూత పోతుంది. అంటే నల్లా బిగించే చోటే ఇనుము బయటపడి ఉంటుంది. దానికి ఇత్తడి నల్లా తగిలిస్తాం, మధ్యలో తడి. ఇనుము, ఇత్తడి తడిలో కలిసి ఉంటే ఇనుము ఇంకా తొందరగా తింటుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఉబ్బుతుంది. మరల మధ్య ఉబ్బి సందు లేకుండా పట్టేస్తుంది. మనం బలంగా తిప్పితే ఆ పట్టు వదలక ముందే పాత పైపు విరుగుతుంది.

నల్లా పట్టేసింది అంటే రెండు రకాలు. ఒకటి, పిడి తిరగదు. రెండు, పిడి తిరుగుతుంది గాని నల్లా మొత్తం మార్చాలి, అది పైపులోంచి ఊడి రాదు. రెండింటికీ పని వేరు.

పిడి తిరగకపోతే నల్లా మొత్తం పీకే అవసరం లేదు. పిడి కింద చిన్న నట్టు ఉంటుంది, దాన్ని గ్లాండు అంటారు. దాని కింద పెద్ద నట్టు. పిడికి, గ్లాండుకు మధ్య సందులో మెషిన్ నూనె నాలుగు చుక్కలు వేయండి. కుట్టు మిషన్ ఉన్న ఇంట్లో అది ఉండనే ఉంటుంది. పల్చగా ఉంటుంది కాబట్టి సందుల్లోకి దిగుతుంది. కొబ్బరి నూనె వేసేవాళ్ళను చూశాను, అది చలికాలంలో పేరుకుపోయి ఇంకా పట్టేస్తుంది, వద్దు. నూనె వేసి గంట ఆగి గ్లాండు నట్టును కొద్దిగా, పావు చుట్టు, వదులు చేయండి. అప్పుడు పిడిని ముందు మూసే వైపు కొంచెం, తరువాత తెరిచే వైపు కొంచెం, అట్లా ఊపండి. ఒకేసారి తెరిచే వైపే లాగవద్దు. ముందుకు వెనక్కి కదిపితే తుప్పు పొడి అయి నూనెలో కలుస్తుంది. పిడి కదిలాక గ్లాండు మళ్ళీ బిగించండి. పిడి దగ్గర నీళ్ళు ఊరుతుంటే గ్లాండు ఇంకో పావు చుట్టు బిగిస్తే సరి. అప్పటికీ ఊరితే గ్లాండు లోపల చుట్టిన దారం అరిగిపోయినట్టు, విప్పి టెఫ్లాన్ టేపును తాడులా పేని నాలుగు చుట్లు చుట్టి బిగించాలి.

బోరు నీళ్ళు వాడే ఇండ్లలో పట్టేది తుప్పు కాదు, తెల్లటి సున్నం. దానికి నూనె పనికిరాదు. విప్పిన ఇత్తడి ముక్కలను చిక్కటి చింతపండు రసంలో గంట నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దండి. దేవుడి సామాను తోమినట్టే. బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం పోయకండి. అది మెరుగును తింటుంది, లోహాన్ని తింటుంది, ఆ పొగ మన ఊపిరితిత్తులకు చేటు.

ఇప్పుడు రెండోది, నల్లా మొత్తం ఊడదీయడం. ఇక్కడ కొంచెం నిదానంగా వినండి.

ఈ పని ఎప్పుడు పెట్టుకోవాలి? నీళ్ళు వచ్చి, పట్టుకోవడం అయిపోయి, లైను ఆగిపోయాక. అప్పుడు మనకు రోజున్నర సమయం ఉంటుంది. నీళ్ళు రావడానికి గంట ముందు మొదలుపెట్టవద్దు, శనివారం రాత్రి కూడా వద్దు, ఎందుకంటే ఆదివారం రాణిగంజ్‌లో చాలా షాపులు మూసి ఉంటాయి. పని మొదలుపెట్టే ముందే అర ఇంచు ఎండ్ ప్లగ్గు ఒకటి తెచ్చి పెట్టుకోండి. పని సగంలో ఆగిపోయినా దాన్ని పైపుకు బిగించి పడుకోవచ్చు. ట్యాంకు నుంచి వచ్చే లైను అయితే ట్యాంకు దగ్గర వాల్వు కట్టేయాలి. ఆ వాల్వు కూడా పట్టేసి ఉంటే, అసలు రోగం అక్కడే ఉంది, ముందు దాని పని చూడండి.

రాత్రి పడుకునే ముందు నల్లా పైపులోకి దిగిన చోట చుట్టూ తుప్పు గీకి నూనె వేయండి. తుప్పు వదిలించే స్ప్రే డబ్బా హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, అది ఇంకా మంచిది. చిన్న సుత్తితో ఎల్బో మీద చుట్టూ మెల్లగా తట్టండి, పిండిమరలో జల్లెడ తట్టినట్టు. ఆ అదురుకు నూనె లోపలికి దిగుతుంది. తెల్లారి ఇంకోసారి వేయండి.

తరువాత రెండు పానాలు. ఒకటి ఎల్బోకు పట్టించి కదలకుండా గట్టిగా ఆపాలి. రెండోది నల్లాకు, గోడ దగ్గర బల్లపరుపుగా పలకలు ఉంటాయి గదా, అక్కడ పట్టించాలి. ముక్కుకు, పిడికి పానా పెట్టకూడదు. ఎల్బో ఆపేది ఒకరు, నల్లా తిప్పేది ఒకరు అయితే ఇంకా మంచిది. మా గ్రూపు అక్క ఇంట్లో విరిగింది ఎల్బోకు పానా పెట్టకపోవడం వల్లనే. ఎల్బోను ఎవరూ పట్టుకోకపోతే మనం నల్లాకు పెట్టే బలమంతా గోడ లోపలి పైపు మీద పడుతుంది. గోడ లోపల ఏమైతుందో మనకు కనబడదు.

ఎటు తిప్పాలి? గోడకు ఎదురుగా నిలబడితే పిడి పైకి ఉంటుంది. ఆ పిడి మన ఎడమ చేతి వైపుకు పడేటట్టు తిప్పాలి. కానీ మొదట ఒక్క వెంట్రుక వాసి బిగించే వైపు, అంటే కుడికి. చిన్నగా "టిక్" మని శబ్దం వస్తే తుప్పు పట్టు వదిలినట్టు. తరువాత ఎడమకు. అరచుట్టు తిరిగాక మళ్ళీ నూనె వేయండి.

అప్పటికీ రాకపోతే వేడినీళ్ళు. ఎల్బోకు పాత గుడ్డ చుట్టి దాని మీద మరిగే నీళ్ళు నిదానంగా పోయండి, చేతులు జాగ్రత్త. వేడికి బయట ఉన్న ఇనుము వ్యాకోచిస్తుంది, నల్లా పట్టు సడలుతుంది. నల్లా మీద పోయకండి, లోపలున్న ఇత్తడి కూడా ఉబ్బితే ఏం లాభం. ప్లాస్టిక్ పైపులకు ఈ వేడినీళ్ళ పని అసలు చేయవద్దు.

తిప్పుతుంటే గోడలో పైపు కూడా కదిలినట్టు అనిపించిందా, లేక మరల నుంచి ఇనుము పొరలు పొరలుగా రాలుతున్నదా, అక్కడ ఆపండి. ప్లంబరును పిలవండి. అది అతని పని. అతనితో కూడా ఎల్బోకు పానా పెట్టమని చెప్పండి, చెప్తే తప్పేం లేదు. మన బస్తీల్లో పనిచేసే ప్లంబర్లలో ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. కేంద్రపాడా జిల్లాలో పట్టాముండై అనే చోటి నుంచి దేశమంతటికీ ప్లంబర్లు వెళ్తారు, అక్కడ ఈ పని నేర్పే సర్కారు బడి కూడా ఉంది. ఒక ఊరంతా నేర్చుకున్న పని మన బస్తీలో పది మంది ఆడవాళ్ళు నేర్చుకోలేరా అని నాకు అనిపిస్తుంది. ఈ సంగతి ట్రైనింగుల గురించి మాట్లాడేటప్పుడు ఆఫీసర్ల ముందు పెట్టాలి.

ఇక కొనడం. మా అత్తగారిది గుంటూరు వైపు, ఆవిడ నల్లాను కుళాయి అంటుంది. కుళాయి అన్నా నల్లా అన్నా షాపువాడు మనల్ని చూడగానే "ఇది లైఫ్‌టైం అక్కా" అని మెరిసేది ఒకటి తీసి ముందు పెడతాడు. మెరుపు పూత మాత్రమే. లోపల ఏముందో చూడాలి.

ఒక చిన్న అయస్కాంతం పర్సులో వేసుకుని పోండి, ఫ్రిజ్ మీద బొమ్మలకు ఉండేది చాలు. నల్లాకు అంటుకుంటే లోపల ఇనుము, వద్దు. అంటుకోకపోతే ఇత్తడే అని వెంటనే నమ్మవద్దు, తెల్లటి తేలిక లోహంతో పోత పోసినవి కూడా అంటుకోవు. అందుకే చేతిలో బరువు చూడండి, అదే సైజువి రెండు మూడు పట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది. మర ఉన్న వైపు, లోపలి వైపు పూత ఉండదు, అక్కడ పసుపు రంగు కనబడాలి. బూడిద రంగు కనబడితే అది ఇత్తడి కాదు. మరలు లోతుగా, వరుసగా ఉండాలి. చేత్తో పిడి తిప్పి చూడండి, గరగరలాడకూడదు. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. పాత మోడల్ ఇత్తడి నల్లాకు ఐఎస్ 781 అని, జీఐ పైపుకు ఐఎస్ 1239 అని నంబర్లు. గుర్తు కింద లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని ఫోనులో బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొడితే అసలుదో నకిలీదో తెలుస్తుంది. ఇంటర్ చదివే పిల్లలకు చెప్తే నిమిషంలో చూసి పెడతారు.

నా అభిప్రాయం ఒకటి చెప్తా, ఒప్పుకోనివాళ్ళు తరువాత నాతో మాట్లాడండి. విప్పి బాగు చేసుకునే వీలున్న నల్లానే కొనాలి. ఎంత ఖరీదైనదైనా, విప్పలేకపోతే అది చెడిపోయిన రోజు పాత సామానే.

పాత మోడల్, నాలుగైదు చుట్లు తిప్పే ఇత్తడి నల్లా ఉంది గదా, దాంట్లో అరిగేది వాషర్ ఒక్కటే. పది రూపాయలు. మార్చడానికి పావుగంట. లైను కట్టేసి, నల్లాను సగం తెరిచి, పిడి స్క్రూ తీసి, పెద్ద నట్టు విప్పి, పైభాగం బయటికి తీస్తే అడుగున వాషర్ ఉంటుంది. సగం తెరవడం మర్చిపోవద్దు, మూసి ఉంచి విప్పితే వాషర్ కింద నొక్కుకుని ఉండి నట్టు బిగుసుకుంటుంది. పాత వాషర్‌ను షాపుకు పట్టుకుని పోండి, సైజు అడుగుతారు. కొత్త వాషర్ వేసినా చుక్కలు ఆగలేదంటే లోపల వాషర్ కూర్చునే గద్దె గీతలు పడ్డట్టు, అప్పుడు నల్లా మార్చండి.

ఇప్పుడు అందరి ఇండ్లలో వస్తున్నది పావు చుట్టు నల్లా. తిప్పడం తేలిక, కీళ్ళ నొప్పులున్న పెద్దమ్మలకు చాలా మంచిది. లోపల వాషర్ బదులు సెరామిక్ బిళ్ళలు రెండు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. శుభ్రమైన నీళ్ళకు అవి ఏండ్ల తరబడి ఉంటాయి. మన రోడ్డు లైనులో నీళ్ళు వచ్చిన మొదటి ఐదు నిమిషాలు ఇసుక, తుప్పు పొడి వస్తాయి, ఆ పొడి బిళ్ళల మధ్య పడితే గీతలే. అప్పుడు లోపలి ముక్క మొత్తం మార్చాలి, అదే కంపెనీది దొరకాలి. అందుకని ట్యాంకు నుంచి వచ్చే వంటింటి లైనుకు పావు చుట్టు నల్లా పెట్టుకోండి. గేటు దగ్గర నేరుగా వచ్చే నల్లాకు పాత మోడలే మేలు.

బయట ఇత్తడి నల్లా పెడితే ఇంకో కష్టం ఉంది, అది నాకంటే మీకే బాగా తెలుసు. పొద్దున లేచేసరికి నల్లా ఉండదు. పాత సామాను కింద అమ్ముకుంటారు. అట్లాంటి చోట పీటీఎంటీ అనే గట్టి ప్లాస్టిక్ నల్లా పెట్టండి. తుప్పు పట్టదు, దొంగకు పనికిరాదు, ధర ఇత్తడి దాంట్లో సగం కూడా ఉండదు. మామూలు మెత్తని ప్లాస్టిక్‌ది కాదు, అది ఎండకు పెళుసైపోతుంది. గీజరు వేడినీళ్ళకు మాత్రం ప్లాస్టిక్ వద్దు.

కొత్త నల్లా బిగించేటప్పుడు ఎల్బో లోపల పాత బ్రష్షుతో తుప్పు కడగండి. టెఫ్లాన్ టేపు నల్లా బిగిసే వైపే పది చుట్లు లాగి చుట్టండి, తిరగేసి చుడితే బిగిస్తుంటే ఊడిపోతుంది. మొదలు చేత్తో, తరువాత పానాతో ఒక చుట్టు. ముక్కు వంకరగా ఆగిందని వెనక్కి తిప్పి సరిచేయకండి, అక్కడి నుంచే కారుతుంది. పూర్తిగా విప్పి ఇంకో నాలుగు చుట్లు టేపు వేసి మళ్ళీ బిగించండి. ఇల్లు కట్టుకునేవాళ్ళు, పైపు మార్చుకునేవాళ్ళు ఇప్పుడు సీపీవీసీ వేస్తున్నారు. తుప్పు ఉండదు. నల్లా వచ్చే చోట మాత్రం లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బో అడగండి. ఒట్టి ప్లాస్టిక్ మరలో ఇత్తడి నల్లా బిగిస్తే ఒక రోజు చీలుతుంది.

కిరాయి ఇండ్లలో ఉన్నవాళ్ళు, "మేమెందుకు కొనాలి" అంటారు. నిజమే, ఓనరు ఇవ్వాలి. ఇవ్వకపోతే కొని, బిల్లు జాగ్రత్త పెట్టి, కిరాయిలో పట్టుకోమని అడగండి. అదీ ఒప్పుకోకపోతే పాత నల్లాను సంచిలో దాచండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాన్ని బిగించి, మనది మనం తీసుకుపోవచ్చు.

చుక్కలు చుక్కలుగా కారే నల్లాను అందరం వదిలేస్తాం. గ్లాసు కింద పెట్టి గడియారం చూడండి. పది నిమిషాల్లో 200 మిల్లీలీటర్లు నిండిందనుకోండి, గంటకు 1.2 లీటర్లు, రోజుకు దాదాపు 29 లీటర్లు, రెండు బిందెలు. నెలకు 864 లీటర్లు. రోడ్డు లైను నల్లా అయితే నీళ్ళు వచ్చే గంటలోనే కారుతుంది, అంత నష్టం లేదు. ట్యాంకు లైను అయితే ఇరవై నాలుగు గంటలూ కారుతుంది, మోటారు కరెంటు కూడా మనదే. జలమండలి 2021 జనవరి నుంచి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తున్నది గదా అంటే, మీటరు ఉన్న ఇంట్లో అది దాటితే బిల్లే.

ఒక్క విషయం మాత్రం డబ్బుది కాదు, ప్రాణానిది. ప్రెషరు లేదని మన బస్తీల్లో చాలా ఇండ్ల ముందు గుంత తవ్వి అందులో నల్లా పెట్టుకున్నాం. ఆ గుంతలో వాన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు నిలుస్తాయి. అందుకే అక్కడి నల్లా అందరికంటే ముందు తుప్పు పడుతుంది. పిడి పట్టేసి సగం తెరిచే వదిలేస్తాం. నీళ్ళు ఆగాక పైపులో ఖాళీ ఏర్పడి గుంతలో ఉన్న మురికిని లోపలికి పీల్చుకుంటుంది, ఎవరైనా లైనుకు మోటారు పెడితే ఇంకా ఎక్కువ పీలుస్తుంది. మర్నాడు ఆ నీళ్ళు మనకే కాదు, లైను మీద ఉన్న వాళ్ళకు కూడా పోతాయి. 2009 మే నెలలో మన పక్కనే భోలక్‌పూర్‌లో కలుషితమైన నీళ్ళు తాగి ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మురికి నీళ్ళు మంచినీళ్ళ పైపులోకి పోవడానికి చిన్న రంధ్రం చాలు. గుంతలో నల్లా ఉన్నవాళ్ళు, అది పూర్తిగా మూసుకుంటున్నదో లేదో ఈ వారమే చూడండి. గుంతను ఎండబెట్టండి. మురికి కాలువ పక్కనుంచి పోయే జీఐ పైపు పాతబడితే ప్లంబరుకు చూపించి మార్పించండి. దానికి గ్రూపులో అప్పు అడిగితే ఎవరూ కాదనకూడదు. నీళ్ళలో వాసన వచ్చినా, రంగు మారినా తాగకుండా 155313 కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు రాసుకోండి, ఆర్పీ అక్కకు కూడా ఇవ్వండి.

చివరికి సమాఖ్యకు ఒక ప్రతిపాదన. రెండు పైపు పానాలు, ఒక తిప్పుడు పానా, చిన్న సుత్తి, స్క్రూ డ్రైవర్లు, స్ప్రే డబ్బా, టేపు చుట్టలు, అర ఇంచు ప్లగ్గులు, రకరకాల వాషర్లు, ఇవన్నీ ఒక పెట్టెలో పెట్టి సమాఖ్య ఆఫీసులో ఉంచాలి. రిజిస్టరులో సంతకం పెట్టి ఒక రోజుకు తీసుకుపోవాలి, వాషర్ వాడితే దాని ధర పెట్టెలో వేయాలి. మొన్న కార్యవర్గంలో ఒక అక్క "మనం బ్యాంకు లింకేజీ చూసుకోవాలి గాని నల్లాలు ఎందుకమ్మా" అన్నది. ఆ అక్క ఇంటి ముందు నల్లా కూడా పట్టేసే ఉంది, నేను చూశాను. పెట్టె ఖర్చును గ్రూపుకు ఇంత అని పంచితే ఎవరికీ భారం కాదు, లెక్క కోశాధికారి అక్క దగ్గర ఇచ్చాను. సభ ఒప్పుకుంటే వచ్చే నెల మొదటి మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆఫీసులో విప్పి చూపిస్తాం. మీ ఇంట్లో పాత నల్లా, తుప్పు పట్టిన పైపు ముక్క ఏదున్నా పారేయకుండా పట్టుకుని రండి, నేర్చుకోవడానికి అవే కావాలి.